కొత్త బోర్డు, పాత రసీదు

మేష్టారు బట్టల షాపు కవరొకటి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు. సభ్యత్వ పత్రం, కంతుల రసీదులు, ఏటేటా కట్టిన మెయింటెనెన్సు బిల్లులు, బంగారు రంగు వెలిసిపోయిన ప్లాస్టిక్ కార్డు. చంద్రగిరి పక్క పల్లె ఆయనది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. 2009లో తిరుపతిలో ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఎవరో కూపన్ నింపించుకున్నారు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. లక్కీ డ్రాలో మీ పేరొచ్చింది, దంపతులిద్దరూ రావాలి, బహుమతి పట్టుకెళ్లాలి అని. వెళ్లారు. ఏసీ హాలు, భోజనం, రెండు గంటల మాటలు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక గోడ గడియారం, దాంతోపాటు ఇరవై అయిదేళ్ల హాలిడే సభ్యత్వం. ఏడాదికి ఏడు రోజులు కంపెనీకున్న ఏ రిసార్టులోనైనా గది. రెండు లక్షల పైచిలుకు కంతుల్లో కట్టారు.

మొన్న వేసవిలో కూతురినీ, అల్లుడినీ, మనవరాలినీ వెంటబెట్టుకుని ఊటీ వెళ్లారు. కౌంటర్లో కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పాత కంపెనీ సార్. మేనేజ్‌మెంట్ మారింది. మాకు సంబంధం లేదు" అన్నాడట. అల్లుడి ముందు పరువు పోతుందని మేష్టారు పూర్తి రేటు కట్టి రెండు రాత్రులుండి వచ్చారు.

"ఇదేంది సామీ! పెండ్లి చేయించిన అయ్యోరు మారితే పెండ్లి రద్దయిపోతాదా?" అని నన్నడిగారు.

రద్దు కాదు. అయితే కుర్రాడి మాట నిజమయ్యే సందర్భమూ ఒకటుంది. మేష్టారిది ఏ సందర్భమో తేలాలంటే ఆ హోటల్లో అసలేం మారిందో ముందు తెలియాలి.

హోటలంటే మనకు ఒకే మనిషిలా కనిపిస్తుంది. కాగితాల మీద ముగ్గురుండొచ్చు. స్థలం, భవనం ఒకరివి. గుమ్మం మీది పేరు ఇంకొకరిది. రోజూ నడిపించేది ఆ రెండోవారో, మూడోవారో. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న మారియట్‌నే తీసుకోండి. దాని యజమాని వైస్రాయ్ హోటల్స్ అనే కంపెనీ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, 2023లో కొత్తవాళ్ల చేతికొచ్చింది. ఇంత జరిగినా గుమ్మం మీద పేరు మారలేదు. లోపల టిఫిన్ తిన్నవాళ్లకు ఈ సంగతి తెలిసుండదు కూడా.

మన తిరుపతిలోనూ ఇలాంటివే. కరకంబాడి రోడ్డులోని మారసా సరోవర్ ప్రీమియర్ పేరులో ఉన్న సరోవర్ సంస్థలో మెజారిటీ వాటాను 2017లో ఫ్రాన్సుకు చెందిన లూవ్ర్ హోటల్స్ తీసుకుంది. ఆ లూవ్ర్‌ను అంతకు రెండేళ్ల ముందే షాంఘైలోని జిన్ జియాంగ్ కొనేసింది. శ్రీవారి దర్శనానికొచ్చి ఆ గదిలో దిగిన భక్తుడికి షాంఘైతో తనకేదో బంధుత్వం ఏర్పడిందని ఎవరు చెప్తారు? కీస్ హోటళ్లను 2019లో లెమన్ ట్రీ 471 కోట్లకు కొంది. ఐటీసీ సంగతి ఇందుకు తలకిందులు. 2025 జనవరి 1 నుంచి హోటళ్ల వ్యాపారాన్ని వేరుచేసి ఐటీసీ హోటల్స్ అనే కంపెనీకి అప్పగించారు. తిరుపతిలో మనకు తెలిసిన ఫార్చ్యూన్ పేరు ఆ ఇంటిదే. కలిసిపోవడమే కాదు, వేరుకాపురాలూ ఉంటాయి. (కొండ మీద దేవస్థానం గదులకు పాయింట్లూ లేవు, గోల్డు కార్డులూ లేవు. ఆ ఒక్కచోట మనకీ తలనొప్పి లేదు.)

చేతులు మారడం ప్రధానంగా మూడు రకాలు. మొదటిది వాటాల కొనుగోలు. కంపెనీ అదే, దాని షేర్లు మాత్రం కొత్తవాళ్లకు వెళ్తాయి. డైరెక్టర్లు మారొచ్చు, పేరు కూడా మార్చుకోవచ్చు. పేరు మార్చుకున్నంత మాత్రాన అప్పు తీరిపోదు. మీతో ఒప్పందం రాసుకున్న కంపెనీ ఇంకా బతికే ఉంది, కాబట్టి మీ గది మీకే.

రెండోది విలీనం. కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్ల కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదంతో ఒక కంపెనీ ఇంకోదానిలో కలిసిపోతుంది. ఆస్తులతో పాటు అప్పులూ, ఒప్పందాలూ వెళ్తాయి. పాత కంపెనీ మీద వేసిన కేసు కూడా కొత్త కంపెనీ మీద నడుస్తుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. అది ట్రిబ్యునల్ దారిలో కాక కేంద్రం తెచ్చిన పథకం కింద జరిగిందే అయినా మన ఖాతాకు జరిగింది ఇదే. చెక్కుబుక్కు మారింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు మారింది. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ పాత బ్యాంకుది, మాకు సంబంధం లేదని కౌంటర్లో ఎవరైనా అన్నారా? అంటే ఊరుకునేవాళ్లమా?

చిక్కంతా మూడో రకంతోనే. కంపెనీ అలాగే ఉంటుంది, ఒక్క హోటలు మాత్రం దాని చేయి జారిపోతుంది. భవనం ఓనరు పాత బ్రాండుతో ఒప్పందం రద్దు చేసుకుని కొత్త బ్రాండును తెచ్చుకుంటాడు. ఇక్కడ కౌంటర్ కుర్రాడి మాట సగం నిజం. కొత్త బ్రాండు మీ దగ్గర పైసా తీసుకోలేదు, దానికి మీ బాకీ లేదు. డబ్బు తీసుకున్న పాత కంపెనీకి మాత్రం బాకీ ఉంది, అది వేరేచోట గది చూపాలి, లేదా లెక్క తేల్చాలి. హక్కును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు గానీ, బాధ్యతను అవతలి మనిషి ఒప్పుకోకుండా మూడోవాడి నెత్తిన పెట్టి తప్పుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 1962లోనే ఖర్దా కంపెనీ కేసులో చెప్పింది.

ఇవన్నీ కలగలిసిన అసలైన ఉదాహరణ స్టెర్లింగ్. (మేష్టారి కంపెనీ అది కాదు, ముందే చెప్తున్నా.) 1986లో మొదలై మద్రాసు కేంద్రంగా పెరిగిన ఈ టైమ్‌షేర్ సంస్థను తీసుకోవడానికి 2014 ఫిబ్రవరిలో థామస్ కుక్ ఇండియా పథకం వేసింది. పథకం ప్రకారం స్టెర్లింగ్‌లోని రిసార్టులు, టైమ్‌షేర్ వ్యాపారం విడదీసి థామస్ కుక్‌కే చెందిన ఇంకో చిన్న కంపెనీకి ఇచ్చారు. మిగిలిన స్టెర్లింగ్ థామస్ కుక్‌లో కలిసిపోయింది. వ్యాపారం పుచ్చుకున్న చిన్న కంపెనీ తర్వాత స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ అనే పేరే పెట్టుకుంది. చూశారా తమాషా! మేష్టారికి బోర్డు మారిందన్నారు. ఇక్కడ బోర్డు మారలేదు, దాని వెనకున్న కంపెనీయే మారింది. బోర్డు చూసి కంపెనీని తేల్చుకోలేమని ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అయితే సభ్యుల గదుల కోసం కాదు. పథకంలో భాగంగా స్టాక్ మార్కెట్లో కొన్న వాటాల సంగతి ముందుగా తెలపలేదని కాంపిటీషన్ కమిషన్ కోటి రూపాయల జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు జరిమానాను తిరిగి నిలబెట్టింది. ఆ కోటి సభ్యుల జేబుల్లోకి రాదు, ప్రభుత్వానికి పోతుంది. పెద్ద విలీనానికి కమిషన్ అనుమతిచ్చిందని పేపర్లో చదివి, మన సభ్యత్వం భద్రమని సర్టిఫికెట్టు ఇచ్చినట్టు అనుకోకండి. వాళ్లు చూసేది మార్కెట్లో పోటీ చచ్చిపోతుందా లేదా అన్నది. మీ ఏడు రోజుల గది వాళ్ల లెక్కలోకి రాదు.

మన గది కోసం పనికొచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. అందులో 2వ సెక్షన్, 46వ క్లాజు 'అన్యాయమైన ఒప్పందం' అంటే ఏమిటో చెబుతుంది. అక్కడిచ్చిన రకాల్లో ఒకటి మన కోసమే రాసినట్టుంటుంది. వినియోగదారుడి సమ్మతి లేకుండా, అతనికి నష్టం కలిగేలా ఒప్పందాన్ని ఇంకొకరికి అప్పగించే వీలు కంపెనీకి ఇచ్చే షరతు. మీ సభ్యత్వ పత్రం వెనక చిన్న అక్షరాల్లో 'ఈ ఒప్పందాన్ని ఎవరికైనా, ఎప్పుడైనా బదిలీ చేసే హక్కు కంపెనీకి ఉంది' అని ఉందా? సంతకం పెట్టాం కదా, ఇంక నోరెత్తలేమని చాలామంది అనుకుంటారు. ఏకపక్షంగా రాసుకున్న షరతులకు కొనుగోలుదారుణ్ణి కట్టిపడేయలేరని 2019లో పయొనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఒక మెలిక ఉంది. ఆ షరతే అన్యాయం, కొట్టేయండి అని అడగాలంటే జిల్లా కమిషన్‌కు అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. షరతుల జోలికి పోకుండా, డబ్బు తీసుకుని సేవ చేయలేదు, నా డబ్బు, నా నష్టం ఇప్పించండి అంటే తిరుపతి జిల్లా కమిషనే చాలు. నన్నడిగితే ఎక్కువమందికి ఈ రెండో దారే మేలు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో వేయాలి. 'వివాదాలు ముంబై కోర్టులోనే' అన్న గీతను చూసి భయపడొద్దు, 2019 చట్టం మీరు కాపురముండే చోటే ఫిర్యాదు వేసే హక్కునిచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేలిపోయింది. ఒకే కంపెనీ చేతిలో ఇరుక్కున్నవాళ్లు పదిమందుంటే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒక్క ఫిర్యాదే వేయొచ్చు. మాట్లాడి తేల్చుకునే అవకాశం ఉందనిపిస్తే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. కంపెనీ చేతులు మారిన కొన్నాళ్లకు పాత సభ్యులకు ఫోన్లొస్తాయి. "మీ ప్లాన్‌ను కొత్త దానిలోకి అప్‌గ్రేడ్ చేస్తున్నాం సార్, కొద్దిగా తేడా కడితే చాలు." మళ్లీ ఏసీ హాలు, మళ్లీ భోజనం. అక్కడ పెట్టే సంతకం మామూలు సంతకం కాదు. పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకోవడానికి ఇద్దరూ ఒప్పుకుంటే పాతది అమలు చేయనక్కర్లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. విలీనం తీసేయలేని హక్కును మీ చేత్తో మీరే తీసేసుకున్నట్టవుతుంది. నా దగ్గరికొచ్చిన కేసుల్లో కంపెనీ మారడం వల్ల నష్టపోయినవాళ్ల కన్నా ఈ రెండో భోజనం వల్ల నష్టపోయినవాళ్లే ఎక్కువ. అలాగే, కోపంలో ఏటా కట్టే మెయింటెనెన్సు ఆపేయకండి. ఆపితే తప్పు మీ వైపుకు తిరుగుతుంది. 'అభ్యంతరంతో కడుతున్నాను' అని ఒక ముక్క రాసి కట్టండి.

ఇక డబ్బు కట్టకుండా, బస చేసినందుకు పోగయ్యే పాయింట్లు. వీటి విషయంలో చట్టం చేయి అంత బలంగా లేదు, దాచడమెందుకు? ప్రతి కంపెనీ 'పథకాన్ని ఎప్పుడైనా మార్చొచ్చు, ఎత్తేయొచ్చు' అని రాసుకుంటుంది. 2016లో మారియట్ స్టార్‌వుడ్‌ను కొన్నాక స్టార్‌వుడ్ వాళ్ల ఒక్క పాయింటుకు మారియట్‌వి మూడిచ్చారు. మూడింతలైందని సంబరపడ్డవాళ్లున్నారు. గది ఎన్ని పాయింట్లకు వస్తుందో చూడకుండా పాయింట్లు లెక్కపెట్టుకోవడం, బియ్యం ధర అడక్కుండా జీతం పెరిగిందని మురిసిపోవడం లాంటిదే. 2018లో పథకాలన్నీ ఒక్కటయ్యాయి, 2019లో బాన్‌వాయ్ అని పేరు పెట్టారు, 2022లో ఏ హోటలుకు ఎన్ని పాయింట్లన్న పట్టికనే ఎత్తేసి రోజుకో రేటు పద్ధతి తెచ్చారు. మన విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసినప్పుడు మాత్రం పాయింటుకు పాయింటు ఇచ్చారు.

కాబట్టి విలీనం వార్త వినగానే మీ పాయింట్ల నిల్వ, మీ గ్రేడు, వాటి గడువు కనిపించేలా తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాత షరతుల పేజీ కూడా దాచుకోండి, కొత్త కంపెనీ వెబ్‌సైట్‌లో అది మాయమవుతుంది. వాడుకోగలిగితే కలిసిపోయే తేదీకి ముందే వాడేయండి. పోగైన పాయింట్లను ముందస్తు మాట లేకుండా సున్నా చేస్తే అది సేవాలోపమని వాదించొచ్చు, నేను వాదిస్తాను. ఇకపై వచ్చే రాయితీలు తగ్గించారని కేసు వేస్తానంటే మాత్రం వద్దనే చెప్తాను.

అడ్వాన్సు కట్టి గది ఖాయం చేసుకున్నాక హోటలు చేతులు మారితే అదింకా సులువు. కన్ఫర్మేషన్ వచ్చిందంటే ఒప్పందం కుదిరినట్టే. ఆ రేటుకే గది ఇవ్వాలి, లేదంటే డబ్బు వెనక్కివ్వాలి, దానివల్ల కలిగిన నష్టమూ అడగొచ్చు. పెళ్లికి కల్యాణ మండపంతో పాటు ఇరవై గదులు మాట్లాడుకున్నవాళ్లు మాత్రం చేతులు మారాయని తెలిసిన రోజే కొత్త మేనేజరు చేత మెయిల్లో ఒక్క లైను రాయించుకోవాలి. ముహూర్తం నాడు గేటు దగ్గర చట్టం చదివి ఏం లాభం?

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే లెక్క మొత్తం మారిపోతుంది. పేపర్లో ప్రకటన వస్తుంది, గడువులోగా మీకు రావలసింది ఇంత అని క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. కంపెనీని గట్టెక్కించేందుకు ఆమోదించిన పథకంలో లేని బాకీలు చెల్లిపోయినట్టేనని 2021లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిద్రపోయినవాడి గది పోయినట్టే.

మన వివరాలు కూడా చేతులు మారతాయి. స్టార్‌వుడ్ రిజర్వేషన్ కంప్యూటర్లలోకి దొంగలు 2014లోనే చొరబడ్డారు, మారియట్ కొన్నది 2016లో, దొంగతనం బయటపడింది 2018లో. బ్రిటన్‌లో 1.84 కోట్ల పౌండ్ల జరిమానా పడింది కొన్న మారియట్ మీదే. పోయిన వాటిలో లక్షలకొద్దీ పాస్‌పోర్టు నంబర్లున్నాయి. కౌంటర్లో ఆధార్ అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, ఆ అలవాటు చేసుకోండి.

సరే, మేష్టారి కవరు దగ్గరికొద్దాం. ఊటీ బిల్లు ఒక పక్క, 2010 నాటి రసీదు ఒక పక్క పెట్టుకున్నాం. ఊటీ బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తమిళనాడు కాబట్టి 33. మన ఆంధ్రాకైతే 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరు. అందులో నాలుగో అక్షరం 'సి' అయితే కంపెనీ, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ, 'పి' అయితే ఒంటరి మనిషి. బోర్డు మీద ఎంత పెద్ద బ్రాండు పేరున్నా బిల్లు మీద 'పి' కనిపిస్తే, మీ డబ్బు ఆ ఊరి ఆసామి చేతికి వెళ్లిందన్నమాట.

2010 రసీదు మీద జీఎస్టీ ఉండదు, అదొచ్చింది 2017 జులైలో. దాని మీద సర్వీస్ ట్యాక్స్ నంబరుంది. దాని మొదటి పది అక్షరాలూ పాన్ నంబరే. లెక్కల మేష్టారు కదా, నేను చెప్పేలోపే కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. పదికి పదీ కలిశాయి.

"ఒగటే కదా సామీ ఇది!" అన్నారు.

ఒకటే. పేరు మారింది, వాటాలు మారాయి, కౌంటర్లో కుర్రాడు మారాడు. డబ్బు తీసుకున్న కంపెనీ మాత్రం అదే. విలీనమూ కాదు, బదిలీ కూడా కాదు. సంబంధం లేకపోవడమేమిటి, అదే మనిషి చొక్కా మార్చుకుని నిలబడితే!

మా చంద్రగిరి కోటలో రాజమహల్ చూడ్డానికొచ్చినవాళ్లకు ఇక్కడ మద్రాసు కథ చెప్తారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషు కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే ఆ తీరంలో చోటు సంపాదించాడు. కొన్నేళ్లకు చంద్రగిరి రాయలు మారారు, మూడో శ్రీరంగరాయలు వచ్చారు. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు పాత కాగితం ఉంది కదా అని కూర్చోలేదు, 1645లో కొత్త రాయల దగ్గర మళ్లీ రాయించుకున్నారు. మేష్టారికి ఈ కథ నాకన్నా బాగా తెలుసు. "మనమూ రాయించుకుందాం" అన్నారు.

ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాం. సభ్యత్వ తేదీ, కట్టిన మొత్తం, రెండు బిల్లుల మీది పాన్ నంబరు, ఊటీలో అదనంగా కట్టిన సొమ్ము వాపసు, మిగిలిన ఏళ్లకు సభ్యత్వం చెల్లుతుందని రాతపూర్వకంగా హామీ, పదిహేను రోజుల గడువు. చంద్రగిరి పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు అంటే కౌంటర్లో అమ్మాయి, అది 2025లోనే స్పీడ్ పోస్టులో కలిసిపోయింది సార్ అంది. "దీంట్లో గూడా పాత రసీదులు చెల్లవా ఏందమ్మా?" అన్నారు మేష్టారు.

పదకొండో రోజున కంపెనీ నుంచి మెయిలొచ్చింది. విషయం పరిశీలిస్తున్నామని మూడే లైన్లు. మేష్టారు దాన్ని ప్రింటు తీయించి తెచ్చి, పైన ఉన్న 'డియర్ మెంబర్' కింద ఎర్ర పెన్నుతో గీత గీసి నా చేతికిచ్చారు. ఫైల్లో పెట్టాను.